ఇంటూ గుర్తు పెట్టిన చోట

పొద్దున్న అయిదూ పదికి పక్కతలుపు చప్పుడైతే కమలకుమారికి తెల్లవారినట్టు లెక్క. బేస్‌మెంట్‌లో అద్దెకుండే మార్వా డ్యూటీకి బయల్దేరిందన్నమాట. ఆ తలుపు మూసుకున్నాక ఇంట్లో ఫ్రిజ్ గొణుగుడు తప్ప ఇంకేమీ వినిపించదు. టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లో నాలుగు బెడ్‌రూముల ఇల్లు, పైన ఉండేది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరు రాజగోపాల్. రిటైరైన ఇంజనీరు, డెబ్భై ఒక్కేళ్ళవాడు, పైగదిలో చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని తనకి ఓటు కూడా లేని ఎన్నికల మీద చర్చలు చూస్తూ బీపీ పెంచుకుంటూ ఉంటాడు. భోజనానికి పిలవాలంటే కమల వంటింట్లోంచి ఆయనకి ఫోన్ చేయాలి. ఒక్కోసారి ఆ ఫోన్ కూడా ఎత్తడు.

ఆమెకి మిగిలింది కింది చప్పుళ్ళే. వంటింటి నేలలో, హీటర్ వేడిగాలి పైకి రావడానికి ఒక జాలీ ఉంది. దానిలోంచి గాలితోపాటు మార్వా రేడియో, మార్వా దగ్గు, ఆదివారం మార్వా పాడుకునే చర్చి పాటలు కూడా వస్తాయి. కాఫీ గ్లాసు పట్టుకుని ఆ జాలీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవడం కమలకి అలవాటైపోయింది. చలికి కాళ్ళు వెచ్చగా ఉంటాయని చెబుతుంది. జూలై నెలలో కూడా అక్కడే కూర్చుంటుంది మరి.

మార్వా జమైకా మనిషి. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ముసలివాళ్ళ హోమ్‌లో స్నానాలు చేయించి, అన్నం తినిపించి, పక్కబట్టలు మార్చే ఉద్యోగం. ఆరేళ్ళ కిందట ఆ బేస్‌మెంట్ ఆమెకి ఇచ్చింది కమలే. అప్పుడు రాజగోపాల్ వాళ్ళమ్మ ఆబ్దికానికి తెనాలి వెళ్ళాడు. ఫోన్లో "ఖాళీగానే ఉంది, రండి" అని చెప్పిన కమల, తలుపు తీసి నల్లటి మనిషి నిలబడి ఉండడం చూసి, మావారిని అడిగి చెబుతానని నసిగింది. మార్వా కోప్పడలేదు. టొరంటోలో తను పంతొమ్మిదేళ్ళున్న అపార్ట్‌మెంట్ బిల్డింగును రిపేర్ల పేరుతో ఖాళీ చేయించారనీ, అప్పట్నుంచీ తను తట్టిన పద్నాలుగో తలుపు ఇదనీ చెప్పింది. ఫోన్లో అడిగితే గది ఎప్పుడూ ఉంటుందట, తను మనిషిగా వెళ్ళి నిలబడగానే ఇప్పుడే ఇచ్చేశామంటారట. ఇక్కడా అంతే అయితే ఇప్పుడే చెప్పేయమనీ, తిరుగు బస్సు ఇంకో పది నిమిషాల్లో ఉందనీ అంది.

మొహం మీద అబద్ధం చెప్పడానికి కమలకి నోరు రాలేదు. తాళం చేతిలో పెట్టేసింది. అది దయ అని తర్వాత తర్వాత తనకి తాను చెప్పుకుంది కానీ, నిజానికి మొహమాటం. జీవితంలో కమల చేసిన మంచీ చెడూ అన్నీ మొహమాటంతో చేసినవే.

ఆ మాట ఎందుకంటే, ఇల్లిచ్చాక ఈ ఆరేళ్ళలో మార్వాని ఆమె ఒక్కసారి కూడా పైకి పిలవలేదు. పండక్కి పులిహోర పంపితే వాడిపడేసిన పెరుగు డబ్బాలో పెట్టి, తిరిగి ఇవ్వక్కర్లేదని చెప్పి మరీ పంపేది. తెలిసినవాళ్ళందరికీ వెళ్ళేవి స్టీలు డబ్బాలు. అయినా మార్వా ఆ పెరుగు డబ్బాలను శుభ్రంగా కడిగి మెట్ల మీద వరసగా పెట్టేది. లాండ్రీ మెషిన్లు రెండిళ్ళకీ కలిపి కిందే ఉన్నాయి కాబట్టి వారానికి రెండుసార్లు ఇద్దరూ అక్కడ కలుసుకునేవారు. బట్టలు ఆరేలోగా మార్వా హోమ్‌లో ముసలివాళ్ళ కబుర్లు చెప్పేది, కమల వింటూ నవ్వేది. కమల వారం మొత్తంలో నవ్వేది ఆ రెండుసార్లే. మెట్లెక్కి పైకొచ్చాక ఆ స్నేహం సంగతి ఎవరికీ చెప్పేది కాదు.

కార్తీక మాసంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. అతిథులు వస్తారు, కార్లు పెట్టుకోవాలి, కాస్త ఆలస్యంగా రమ్మని కమల ఎప్పటిలాగే మార్వాకి మెసేజ్ పెట్టింది. మార్వాకి కారే లేదు. ఆ మెసేజ్‌కి అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు. ఆ రోజు మాత్రం మార్వా జ్వరంతో మధ్యాహ్నమే వచ్చేసింది. యూనిఫామ్‌లో పక్కతలుపు వైపు వెళుతుంటే, పోర్టికోలో తాంబూలం పట్టుకుని నిలబడ్డ భీమారావు చూశాడు. భీమారావు తెలుగువాళ్ళ సంఘంలో పెద్దమనిషి, రాజగోపాల్‌కి ముప్ఫయ్యేళ్ళ స్నేహితుడు.

"కింద వాళ్ళకిచ్చావా?" అన్నాడు. అంతే. ఆ "వాళ్ళకి" అన్న మాట అన్న తీరుకే రాజగోపాల్‌కి తల కొట్టేసినట్టయింది. ఆరేళ్ళుగా ప్రతి నెలా ఒకటో తారీఖునే అద్దె అందుకుంటున్న మనిషి, అదేదో భార్య తెలియక చేసిన పని అన్నట్టు సణిగాడు. భీమారావు ఆయన భుజం తట్టి, తన తమ్ముడి కొడుకు భార్యతో సహా కొత్తగా కెనడా వస్తున్నాడనీ, మనవాళ్ళయితే ఇంటికి అందమనీ చెప్పి వెళ్ళిపోయాడు.

పది రోజుల తర్వాత ఒక పొద్దున్న, కమల దోసెలు పోస్తుంటే రాజగోపాల్ కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది ఆ ఇంటి పద్ధతి. పెళ్ళైన కొత్తలో బ్యాంకు ఖాతా తెరిచినప్పటి నుంచీ, భార్య ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ ఆయన పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెడతాడు. ఆమె పెడుతుంది. ఇమ్మిగ్రేషన్ కాగితాలకీ, ఇంటి లోనుకీ, అన్నిటికీ అంతే. కమల గుంటూరులో ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసైన మనిషి. ఇక్కడ ఇరవయ్యేళ్ళు స్కూలు లైబ్రరీలో పనిచేసింది. కానీ ఆయన గుర్తు పెట్టాక చదివితే నమ్మకం లేదన్నట్టు ఉంటుందని ఎన్నడూ చదవలేదు. ఆ రోజు కూడా పిండి చేతులు తుడుచుకుని, గుర్తు పెట్టిన రెండు చోట్లా సంతకం చేసి, పెనం మీద దోసె తిరగేసింది.

నాలుగో రోజు లాండ్రీ దగ్గర మార్వా ముందుగా నవ్వలేదు. చేతిలో నోటీసు ఉంది.

"మిస్ కమలా, మీరు నా గదిలోకి మారిపోతున్నారా?" అని అడిగింది.

కమలకి అర్థం కాలేదు. కాగితం తీసుకుని చదివింది. మోకాళ్ళ నొప్పుల వల్ల పైమెట్లు ఎక్కలేక కమలకుమారి బేస్‌మెంట్‌లో ఉండబోతున్నదనీ, కాబట్టి ఖాళీ చేయాలనీ రాసి ఉంది. ఇంటివాళ్ళకి సొంతానికి కావాలంటే తప్ప ఇక్కడ అద్దెకున్నవాళ్ళని కదపడం కష్టం. ఇది నిజమేనని తను ప్రమాణపూర్వకంగా చెబుతున్నట్టు రెండో పేజీలో ఉంది. కింద తన సంతకం, గుండ్రటి అక్షరాలతో. పెన్సిల్ గుర్తు రబ్బరుతో చెరిపేసిన చోట కాగితం కాస్త నలిగి ఉంది.

కాగితం మడిచి మార్వా చేతికి తిరిగి ఇచ్చేసింది. మార్వా ఒక్క నిమిషం చూసి, తడిబట్టలు బుట్టలో వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కమల మెట్లెక్కి వెళ్ళి, మొదటిసారి భర్త చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. చెప్పకుండా ఎందుకు చేశారని అడిగింది. రాజగోపాల్ ముందు చట్టం గురించి చెప్పాడు, తర్వాత భీమారావు తమ్ముడి కొడుకు గురించి చెప్పాడు, ఆ తర్వాత ఇంటి విలువ గురించి చెప్పాడు. చివరికి ఏదీ అతకక గొంతు పెంచాడు.

"నీ కోసం చేశాను కమలా. ఇంట్లో మాట్లాడే మనిషి లేడని నువ్వే కదా ఏడుస్తున్నావు? తెలుగు పిల్లలు కిందుంటే నీకు తోడు. ఆ అమ్మాయి నీతో పేరంటానికి వస్తుంది, మాట్లాడుతుంది. ఆవిడెవరో నీకు తోడవుతుందా?"

ఆవిడే తోడని చెప్పాలి. ఆ ఒక్కమాట అప్పుడు అని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కమల అనలేదు. ఆరేళ్ళుగా పెరుగు డబ్బాల్లో పులిహోర పంపిన మనిషి, ఆమె నా స్నేహితురాలు అని ఏ మొహంతో చెబుతుంది? నోరు మూసుకుని కిందికొచ్చి, మర్నాడు అలిగి ఎడ్మంటన్‌లో ఉన్న కూతురి దగ్గరికి టికెట్ కొనుక్కుంది.

కావ్యశ్రీ అక్కడ హాస్పిటల్లో ఫార్మసిస్టు. అమ్మ కోసం గెస్ట్ రూమ్ సర్దింది, ఉతికిన దుప్పట్లు వేసింది, మూడు వారాలు తిప్పింది. తల్లి మంచు, కూరల రేట్లు అన్నీ మాట్లాడింది గానీ ఆ కాగితం మాట ఎత్తలేదు. చివరికి కూతురే ఎత్తింది.

"అమ్మా, నాన్న ఫస్ట్ నన్నే అడిగారు, నేను బేస్‌మెంట్‌లోకి మూవ్ అవుతున్నట్టు సైన్ చేయమని. ఐ సెడ్ నో. నువ్వు చేశావని తెలీదు."

"నేను చదవలేదే," అంది కమల.

"యూ నెవర్ డూ," అంది కావ్యశ్రీ. తిట్టలేదు, విసుక్కోలేదు. ఎప్పట్నుంచో తెలిసిన విషయం చెప్పినట్టే చెప్పింది. కమలకి ఆ రాత్రి తిట్టినా బాగుండేదనిపించింది. తిరిగి వెళ్ళి ఆ కాగితం వెనక్కి తీసుకుంటానని కూతురికి మాటిచ్చింది.

తిరిగి వచ్చింది. వెనక్కి తీసుకోలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ చలికాలం గడిపేసింది. ఆయన మొహం చూస్తే మొహమాటం, ఆమె మొహం చూస్తే సిగ్గు. గడువు తీరినా మార్వా ఖాళీ చేయలేదు. రాజగోపాల్ అద్దెల ట్రిబ్యునల్‌కి అప్లై చేశాడు. మార్వా లాండ్రీకి వచ్చే వేళలు మార్చుకుంది. ఎప్పుడైనా ఎదురుపడితే గుడ్ మార్నింగ్ అనేది. హోమ్ కబుర్లు లేవు, నవ్వులు లేవు. ఆదివారం పాటలు కూడా ఆగిపోయాయి. జాలీ పక్కన కూర్చున్న కమలకి, కింద మనిషి పైవాళ్ళు వింటారని తెలిసి చప్పుడు కాకుండా తిరుగుతోందని అర్థమైంది. డబ్బు కట్టి ఉంటున్న తన గదిలోనే ఆమె మునివేళ్ళ మీద నడుస్తోంది. అది తలుచుకుని కమల కాఫీ సింకులో పారబోసేది.

మే నెలలో హియరింగ్ వచ్చింది. ఈ రోజుల్లో అన్నీ జూమ్‌లోనే. రాజగోపాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టాడు. పక్కన కమలని కూర్చోబెట్టి, అడిగినదానికి ఎస్ అను చాలు, వాళ్ళు ఎక్కువ అడగరు అని ధైర్యం చెప్పాడు. తెర మీద మూడు గళ్ళు. ఒకదాంట్లో తీర్పు చెప్పే ఆవిడ, ఒకదాంట్లో తామిద్దరూ, ఇంకోదాంట్లో మార్వా. వెనక నీలం కర్టెన్. ఆరేళ్ళలో మార్వా గది లోపలెలా ఉంటుందో కమల చూడడం అదే మొదటిసారి. కర్టెన్ పక్కన గోడకి ఎవరిదో పెద్దావిడ ఫొటో ఉంది. తల్లి అయివుంటుంది. ఆమె ఉందో పోయిందో కూడా తను ఎప్పుడూ అడగలేదు.

రాజగోపాల్ మోకాళ్ళ సంగతి చెప్పాడు. బేస్‌మెంట్‌కి కూడా మెట్లే కదా అని తీర్పు చెప్పే ఆవిడ అడిగింది. అవి తక్కువ మెట్లని ఆయన అన్నాడు. ఆ మాట ఆయన చెవులకే బాగోలేనట్టు నీళ్ళు తాగాడు. తర్వాత మార్వాని మాట్లాడమన్నారు.

ఆమె గొంతు ముందు జాలీలోంచి వచ్చింది. క్షణం తర్వాత అదే మాట లాప్‌టాప్‌లోంచి వచ్చింది. ప్రతి మాటా రెండుసార్లు వినాల్సి వచ్చింది కమలకి.

ముసలివాళ్ళ మోకాళ్ళు పట్టడమే తన పని అని మార్వా చెప్పింది. నొప్పులున్న మనిషిని ఎండ రాని గదిలోకి దింపే ఇంటివాళ్ళని తను ఎక్కడా చూడలేదంది. ఆరేళ్ళలో అద్దె ఆలస్యం చేయలేదనీ, తన మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదనీ చెప్పింది. "నన్ను పంపించాలనుకుంటే అసలు కారణం చెప్పి పంపించమనండి. అదేమిటో నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ తెలుసు. కానీ ఒక్కసారైనా ఎవరో ఒకరు పైకి చెప్తే వినాలని ఉంది," అంది. గొంతులో వణుకు లేదు. అలసట ఉంది.

తెర మీద ఆవిడ కమల వైపు తిరిగింది. మీరు చెప్పేది ప్రమాణం మీద చెప్పినట్టేనని గుర్తుచేసి, కనీసం ఏడాదిపాటు ఆ గదిలో ఉండాలని మీకు నిజంగా ఉద్దేశం ఉందా అని అడిగింది.

బల్ల కింద రాజగోపాల్ ఆమె చెయ్యి నొక్కాడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ చెయ్యి ఎన్నోసార్లు అలాగే నొక్కింది. ఆసుపత్రుల్లో, ఎయిర్‌పోర్టుల్లో, అమ్మ పోయిన రోజున. మంచి చెయ్యే అది. కమల దాన్ని మెల్లగా విడిపించుకుంది.

"లేదండీ," అని తెలుగులో అనేసి, తడబడి, మళ్ళీ ఇంగ్లీషులో చెప్పింది. తను కింద ఉండబోవడం లేదు. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టింది. తర్వాత చదివింది, అయినా ఆరు నెలలు మాట్లాడకుండా ఊరుకుంది. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. అసలు కారణం, కింద నల్లవాళ్ళుంటే నలుగురిలో నామోషీ అని. తెలుగువాళ్ళని పెట్టుకుందామని. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. అయినా ఆగకుండా పూర్తి చేసింది.

తీర్పు చెప్పే ఆవిడ రాజగోపాల్‌ని ఇంకేమైనా చెప్పాలా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. తప్పుడు ప్రమాణం ఎంత పెద్ద విషయమో గట్టిగానే హెచ్చరించి, అప్లికేషన్ కొట్టేస్తున్నానని చెప్పింది. ఒక్కొక్క గడీ మాయమై తెర నల్లబడింది.

"పరువు తీశావు," అన్నాడు రాజగోపాల్ లాప్‌టాప్ మూస్తూ.

"అవునండీ," అంది కమల. "మీదీ నాదీ కూడా."

ఆయన లేచి పైకి వెళ్ళిపోయాడు. ఇయర్‌ఫోన్లు లాప్‌టాప్ పక్కనే వదిలేశాడు.

చీకటి పడ్డాక కమల మొహం కడుక్కుని కిందికి దిగింది. లాండ్రీ దాటి, మార్వా గది తలుపు ముందు నిలబడి తట్టింది. తలుపు సగం తెరుచుకుంది. లోపలికి రమ్మని మార్వా అనలేదు. కమల క్షమించమని అడిగింది. మీరు ఇక నిశ్చింతగా ఉండొచ్చనీ, ఎన్నాళ్ళయినా ఉండొచ్చనీ, ఇంకా ఏవేవో చెప్పబోయింది.

మార్వా చెయ్యెత్తి ఆపింది.

"మీరు ఇవాళ నిజం చెప్పారు. థాంక్యూ. అది చిన్న విషయమేం కాదు," అంది. "కానీ మిస్ కమలా, మీరు చెప్పారని నేను ఉండిపోవడం లేదు. ఈ ఆరు నెలల్లో ఇరవై ఆరు ఇళ్ళు చూశాను. పదకొండు ఇళ్ళలో నన్ను చూశాక గది లేదన్నారు. మిగతావి నా జీతానికి అందవు. కోపం వచ్చినవాళ్ళు ఇల్లు వదిలి వెళ్ళిపోతారు కదా. నాకు వెళ్ళడానికి చోటు లేదు. అందుకని నా కోపంతో ఇక్కడే ఉంటాను. రేపు పొద్దున్నే డ్యూటీ. గుడ్ నైట్."

తలుపు విసురుగా వేయలేదు. నెమ్మదిగానే వేసింది. గడియ పడింది.

కమల మెట్ల మీద కూలబడింది. నవంబరులో తనకి కోపం వచ్చింది. టికెట్ కొనుక్కుంది. ఉతికిన దుప్పట్ల మీద మూడు వారాలు అలిగి పడుకుని, బుజ్జగింపులు అందుకుని, ఊపిరి తీసుకుని వచ్చింది. అదే నెలలో, అంతకంటే వెయ్యిరెట్లు కోపం రావలసిన మనిషి, అవమానించినవాళ్ళ కాళ్ళ కిందే పడుకుని లేచి పనికి వెళ్ళింది. ఆమెకి అలగడానికి కూడా చోటు లేదు. తన కోపానికి ఒక గది ఉంది, ఊరుంది, కూతురుంది. ఈ లోకంలో ఎవరికేం తక్కువో ఇంతకాలం తను లెక్కేసుకున్నదంతా తప్పనిపించింది. ఒంటరిదాన్ని ఒంటరిదాన్ని అని ఏడ్చుకున్న ఏడుపు గుర్తొచ్చి సిగ్గుతో మళ్ళీ ఏడుపొచ్చింది.

ఎంతసేపయిందో, పైమెట్టు మీద రాజగోపాల్ వచ్చి నిలబడ్డాడు.

"పైకి రా కమలా. అన్నం తిందాం."

"మీరే కిందికి రండి," అంది.

ఆయన గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. నిజంగా మోకాళ్ళ నొప్పులున్నది ఆయనకే. పక్కన కూర్చుని, ఆవిడ ఏమందని అడిగాడు. కమల ఒక్క ముక్క కూడా తగ్గించకుండా చెప్పింది. ఇరవై ఆరు ఇళ్ళు అన్నప్పుడు ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు. చివరికొచ్చేసరికి కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నీకు తోడు కావాలనే అనుకున్నాను," అన్నాడు. "అబద్ధం కాదు అది."

"తెలుసు. నాకు తోడు ఎవరో నేనెప్పుడూ మీకు చెప్పలేదు. ఆమెకీ చెప్పలేదు."

వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చుని ఎన్నేళ్ళయిందో. తలుపు అవతల లైటు వెలుగుతోంది.

"నేను కూడా సారీ చెప్పాలంటావా?" అన్నాడు రాజగోపాల్.

"చెప్పాలి."

"తలుపు తీయదేమో."

"తీయకపోవచ్చు," అంది కమల. "తీయకపోయినా ఇక్కడే నిలబడి చెప్పండి. ఆమె అలా పదమూడు తలుపుల ముందు నిలబడి మన దగ్గరకొచ్చింది."

రాజగోపాల్ కళ్ళజోడు పెట్టుకుని, భార్య భుజం ఆసరాగా లేచి, ఆ తలుపు దగ్గరికి నడిచాడు.